మంచులైటు బల్బు మార్చిన సాయంత్రం

మా నాయన నంద్యాలలో లెక్కల అయ్యవారు. అమ్మ ప్రసూతి వార్డులో నర్సు. డెబ్బయ్యో దశకం చివర్లో, నేను డిగ్రీ చదువుతున్న రోజుల్లో, మా ఇంటికి ఒక కారు వచ్చింది. అమ్మతో చాలా ఏళ్ళు కలిసి పనిచేసిన ఒక ముసలి డాక్టరమ్మ ఊరు వదిలి వెళ్ళిపోతూ, తన బండి ముక్కూమొహం తెలియనివాళ్ళ చేతుల్లో పడడం ఇష్టంలేక, మాకు దాదాపు ఊరికే ఇచ్చి పోయింది. ముదురాకుపచ్చ రంగు బండి. దాని తలుపు వేయాలంటే ఒకటికి రెండుసార్లు బాదాలి. ముందు బంపరు మీద రెండు గుండ్రటి పసుపు లైట్లు ఉండేవి. నాయన వాటిని ఫాగ్‌లైట్లనేవాడు. అమ్మ మంచులైట్లనేది. మా వీధి పిల్లలు అసలు కారునే గూబ అనేవాళ్ళు.

డాక్టరమ్మ చలికాలంలో నల్లమల ఘాటు దాటి గిద్దలూరు వైపు పల్లెలకు పోయేది కాబట్టి వాటిని పెట్టించుకుంది. మేము ఘాటు మొహం చూసిందే లేదు. అయినా నాయనకు ఆ లైట్లంటే ప్రాణం. ఏప్రిల్ నెలలో, కాకులు కూడా నీడ వెతుక్కునే ఎండలో, బజారు నడిమధ్య వాటిని వేసుకుని పోయేవాడు. ఇప్పుడు మంచు యాడుంది సార్ అని ఎవరైనా అడిగితే, పనిచేస్తాండాయో లేదో చూస్తాండా అనేవాడు.

నాకు కారు తోలడం నేర్పింది కూడా నాయనే. సెలవు రోజుల్లో బడి మైదానంలో, గోల్‌పోస్టుల చుట్టూ. రోడ్డు మీదికి ఎప్పుడు పోదాం నాయనా అని అడిగిన ప్రతిసారీ, క్లచ్చి తప్పు లేకుండా వచ్చినాక అనేవాడు. నాకు క్లచ్చి తప్పు లేకుండా ఎప్పుడూ రాలేదు. నేర్చుకునేవాళ్ళకిచ్చే లైసెన్సు చేతికొచ్చింది, అట్ట మీద ఎర్రరంగుతో ఎల్ అని రాసి పెట్టుకున్నాను, కానీ కారు మాత్రం గోల్‌పోస్టులు దాటలేదు.

ఆ డిసెంబరులో ఆళ్ళగడ్డలో మా మేనత్త కూతురి పెళ్ళి కుదిరింది. నాకు వదిన, నాకంటే కొంచెం పెద్దది, చిన్నప్పటినుంచి సెలవుల్లో ఒకే మంచం మీద పడుకున్నవాళ్ళం. చర్చిలో పొద్దున్నే పెళ్ళి. పెళ్ళికూతురి ముసుగు, పూలగుత్తి, కేకు, మూడూ నంద్యాలనుంచి మేము తీసుకుపోవాలి. అంటే తెల్లవారేలోపే బయలుదేరాలి. ఆ వారమంతా తెల్లవారుజామున మంచు విపరీతంగా పడుతోంది. కాలవ కింద వరిమళ్ళన్నీ తడిగా ఉండేవి. వాటి మీదనుంచి మంచు లేచి రోడ్డు మీద కూర్చుంటే, బర్రెలు కూడా మెడలో గంట చప్పుడు విని పక్కకు తొలగాల్సిందే. ఇన్నాళ్ళకు నాయన లైట్లకు పని దొరికింది. పెళ్ళి కుదిరిన సంతోషం ఎంతో, మంచు పడుతున్న సంతోషం అంత ఆయనకు.

పెళ్ళికి ముందురోజు సాయంత్రం బడి వదిలి వస్తూనే, చొక్కా కూడా మార్చుకోకుండా, లైట్లు వేసి చూశాడు. కుడివైపుది వెలిగింది. ఎడమవైపుది వెలగలేదు. స్విచ్చి తీశాడు, వేశాడు. దిగివచ్చి లైటును అరచేత్తో కొట్టాడు. మళ్ళీ ఎక్కి వేశాడు. కాసేపు బంపరు ముందు గొంతుక్కూర్చుని, ఆరిపోయిన లైటువైపు, తప్పు లెక్క చేసిన పిల్లవాణ్ణి చూసినట్టు చూశాడు.

ఒక కన్నుతోనే పోదాంలే అంది అమ్మ. నాయన ఒప్పుకోలేదు. ఎదురొచ్చేవాడు మోటారు సైకిలనుకుని మీదికి తోలతాడన్నాడు. మెకానిక్కు దగ్గరికి పోదామంటే ఆ పూట అతను ఊళ్ళో లేడు. ఒక బల్బు మార్చేదానికి మెకానిక్కెందుకు, పిల్లలకు విద్యుత్తు పాఠం చెప్తాండా నేను అని నాయన పంచె ఎగగట్టాడు.

లైటుకు కింద ఒక్కటే స్క్రూ. దాన్ని విప్పితే అద్దం ఊడివస్తుంది, వెనక బల్బు ఉంటుంది. అంతవరకు నాయన చెప్పింది నిజమే. కానీ ఆ స్క్రూ డాక్టరమ్మ కాలంనుంచీ తుప్పుపట్టి లోహంలో లోహమైపోయింది. నాయన స్క్రూడ్రైవరు పెట్టి తిప్పితే కారే ఊగింది తప్ప స్క్రూ కదల్లేదు. నేను వంటింట్లోంచి కిరసనాయిలు తెచ్చి దాని మీద చుక్కలు చుక్కలుగా పోశాను. నానాలి, ఓపిక పట్టు అన్నాడు. ఓపిక పట్టనిది ఆయనే. ఒక్కసారి బలంగా తిప్పేసరికి స్క్రూ వదిలింది, కిరసనాయిలు ఎగిరి ఆయన కళ్ళజోడు మీద పడింది. జోడు తీసి జాగ్రత్తగా పక్కన నేలమీద పెట్టి, ఇంక కళ్ళు చిట్లించుకుని చేతుల తడుముడుతోనే పని మొదలుపెట్టాడు.

అద్దం ఊడింది. లోపల ఏదో పురుగు కట్టుకున్న మట్టిగూడు ఉంది. దాన్ని గీకి పారేశాం. బల్బును లోపలికి నొక్కి ఎడమకు తిప్పితే వచ్చేస్తుంది పాపా అని నాకు చెబుతూ నాయన నొక్కాడు, తిప్పాడు. బల్బు వచ్చింది. అంటే బల్బు గాజు మాత్రం వచ్చింది. దాని ఇత్తడి తొడుగు హోల్డరులోనే ఉండిపోయింది.

ఆ సమయానికి పక్కింటి అయ్యవారు గోడ మీదనుంచి తొంగి చూశాడు. ఆయన కూడా నాయన బళ్ళోనే, సంస్కృతం చెబుతాడు. వాళ్ళది అహోబిలం, తరతరాలుగా గుడి సేవలో ఉన్న కుటుంబం. ధనుర్మాసం కాబట్టి మర్నాడు అక్కడ ఆయన వంతు ఉంది. ఆళ్ళగడ్డదాకా మా కారులో వచ్చి, అక్కడినుంచి బస్సెక్కాలని ముందే అనుకున్నారు. నాయన ఆయన్ను సామీ అని పిలిచేవాడు. ఏం సార్, రేపు పోయేది ఉందా అని అడిగాడు సామి. పోయేది ఉంది సామీ, దీన్ని బయటికి తీయాల అంతే అన్నాడు నాయన, తల లైటులో పెట్టుకునే.

పట్టకారు పెడితే జారింది. వేలు పెడితే తెగింది. అప్పుడు అమ్మ బయటికొచ్చింది.

మా అమ్మ గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆమె నవ్వడం నేను పెద్దగా ఎరగను. కోపిష్టి కాదు, కానీ రాత్రీపగలూ కాన్పులు చూసి చూసి, మొహం ఎప్పుడూ పని మధ్యలో ఉన్నట్టుండేది. నాయన ఎంత హాస్యమాడినా ఊఁ అని ఊరుకునేది. ఆ సాయంత్రం ఆమె లోపలికి పోయి, తన సంచీలోంచి కత్తెరలాంటి పొడవాటి పట్టకారు తెచ్చింది. ఆసుపత్రిలో నరాలు పట్టుకునేది. చీర కొంగు నడుముకు దోపి, కారు ముందు పీట వేసుకుని కూర్చుంది. నన్ను టార్చి పట్టుకోమంది, నాయనను లైటు వెనకనుంచి కదలకుండా పట్టుకోమంది.

పట్టకారు లోపలికి పెట్టి మెల్లగా తిప్పుతూ, తనకే తెలియకుండా ఆమె గొంతు వార్డులోని గొంతయిపోయింది.

"గట్టిగా పట్టుకో. ఊపిరి బిగబట్టొద్దు. ఇంకొంచెం, అయిపోవచ్చింది. ఆఁ, తల కనపడ్తాంది."

నాయన నిజంగానే ఊపిరి గట్టిగా పీల్చి వదలడం మొదలుపెట్టాడు. ఇత్తడి తొడుగు కిర్రుమని తిరిగి, పట్టకారు కొసన బయటికొచ్చింది. అమ్మ దాన్ని టార్చి వెలుతురులోకి ఎత్తి, అలవాటు కొద్దీ, తలకిందులుగా పట్టుకుని వేలితో ఒక్కటి తట్టింది.

గోడ మీదనుంచి సామి చాలా మర్యాదగా, "ఏం బిడ్డమ్మా?" అని అడిగాడు.

అమ్మ ఒక క్షణం ఆయనవైపు చూసింది. తర్వాత తన చేతిలోని తొడుగు వైపు చూసింది. ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమో అనుకున్నాను. పట్టకారు ఒడిలో పడేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పీట మీదనుంచి పక్కకు ఒరిగి నేలమీద కూలబడి నవ్వింది. చప్పుడు లేని నవ్వు, ఒళ్ళంతా ఊగే నవ్వు. ఆమెను చూసి నాకు, నన్ను చూసి నాయనకు. సామి గోడ దిగిపోయాడు, అవతలనుంచి ఆయన నవ్వు దగ్గుతో కలిసి వినపడుతూనే ఉంది. కాస్త ఆగినట్టే ఆగి, నాయన అమాయకంగా, తల్లి క్షేమమే కదా అన్నాడు. మళ్ళీ మొదలు. నాకు డొక్కలు నొప్పెట్టి బంపరు పట్టుకుని నిలబడ్డాను.

కొత్త బల్బు కోసం నేను సైకిలెక్కి బస్టాండు దగ్గరి లారీ సామాన్ల అంగడికి పోయాను. దారంతా నవ్వుకుంటూనే పోయి ఉంటాను, ఎందుకంటే ఎదురొచ్చిన మా కాలేజీ పిల్ల ఏందే అని అడిగింది, చెప్పబోతే మాట రాలేదు. తెచ్చిన బల్బు నాయన పెట్టి స్విచ్చి వేశాడు. అది వెలిగిన వెలుగు నేను జన్మలో మరచిపోను. సూర్యుడిలాగా భగ్గుమని, టప్పుమని మాడి నల్లబడిపోయింది. మోటారు సైకిలు బల్బు ఇచ్చాడు అంగడాయన, దానికి మన బ్యాటరీని తట్టుకునే శక్తి లేదు అని నాయన వివరించాడు. చచ్చిన బల్బు తొడుగు, మాడిన బల్బు రెండూ పట్టుకుని మళ్ళీ పోయాను. ఈసారి అంగడాయనకు రెండూ చూపించి, కారుది అని మూడుసార్లు చెప్పాను.

సరైన బల్బు లోపలికి పోయి టక్కుమని కూర్చుంది. అద్దం బిగించాం. అప్పటికి పొద్దుగుంకుతోంది. అమ్మ డ్రైవరు సీటులో కూర్చుని స్విచ్చి నొక్కింది. రెండు లైట్లూ పసుపుపచ్చగా, తేనెలాగా వెలిగాయి. నాయన రెండు చేతులూ పైకెత్తి, ఎట్లుందో దూరంనుంచి చూద్దామని వెనక్కి నాలుగడుగులు వేశాడు. కరకర అని చప్పుడైంది. వంగి చూసుకుంటే కాలికింద ఆయన కళ్ళజోడు. రెండద్దాలూ పొడి.

ఇంకొకటి కూడా అప్పుడే తెలిసింది. మేము పీకిన పీకుడికి ఎడమ లైటు మెడ తిరిగిపోయింది. కుడి లైటు బుద్ధిగా నేలను చూస్తుంటే, ఎడమది నేరుగా సామి వాళ్ళ వేపచెట్టు కొమ్మల్లోకి కొడుతోంది. అప్పుడే సర్దుకుని కూర్చున్న కాకులన్నీ తెల్లవారిందనుకుని లేచి అరుస్తూ వీధంతా తిరిగాయి. దాన్ని కిందికి తిప్పుదామని పానా పెడితే నట్టు మరలు అరిగిపోయి గుండ్రంగా తిరుగుతోంది. ఇక ఎవరికీ దాన్ని ముట్టుకునే ధైర్యం లేకపోయింది.

అన్నం తినేటప్పుడు అసలు సంగతి బయటికొచ్చింది. కళ్ళజోడు లేకుంటే నాయనకు కంచంలో పచ్చడేదో కూరేదో తెలియదు. పొద్దున కారు ఎవరు తోలాలి? బస్సులో కేకు పట్టుకుని పోలేం. నాయన అన్నం కలుపుతూనే ఉన్నాడు. అమ్మ నావైపు చూడకుండానే, నువ్వు తోల్తావు అంది. అడిగినట్టు కాదు, మందు రాసిచ్చినట్టు. క్లచ్చి ఇంకా రాలేదమ్మా అన్నాను. పిల్లలు నేర్చుకొని పుట్టరు, పుట్టినాక నేర్చుకుంటారు అని ఆమె నాకు నెయ్యి వడ్డించింది.

నాకు నిద్ర పట్టలేదు. భయమని చెబితే అబద్ధం. పెళ్ళి నాదే అయినట్టు గుండె కొట్టుకుంది.

తెల్లవారకముందే లేచి, అట్ట మీది ఎర్ర ఎల్‌ను ముందొకటి వెనకొకటి కట్టాను. నాయన నా పక్కన కూర్చున్నాడు, లైసెన్సు ఉన్నవాడు పక్కన ఉండాలి కాబట్టి. కళ్ళు కనపడని లైసెన్సు. వెనక అమ్మ ఒళ్ళో కేకు పెట్టె. సామి మడికి కేకు పనికిరాదు, అందుకని ఆయన అవతలి తలుపుకు అంటుకుపోయి, తన తులసిమాలల బుట్టను ఒళ్ళో పెట్టుకున్నాడు. మధ్యలో సరిహద్దులాగా పూలగుత్తి. ముసుగు నాయన చేతిలో, పసిబిడ్డలాగా.

ఊరు దాటేవరకు బాగానే ఉంది. కాలవ వంతెన దాటగానే మంచులోకి దూరాం. దూరామనే అనాలి. తెల్లటి గోడ ఒకటి వచ్చి బానెట్టు మీద వాలింది. పెద్ద లైట్లు వేస్తే పాలగిన్నెలో తల పెట్టినట్టుంది. నాయన చెప్పినట్టు వాటిని ఆర్పి మంచులైట్లు వేశాను. కుడివైపు రోడ్డు అంచు, దాని పక్క గడ్డి, పసుపు వెలుగులో మెల్లగా పైకి తేలాయి. పనిచేస్తాంది, పనిచేస్తాంది అని నాయన తొడ చరుచుకున్నాడు. ఆయనకు ఏమీ కనపడడం లేదని నాకు తెలుసు. ఎడమ లైటు మాత్రం తుమ్మచెట్ల కొనలు చూపిస్తూ వచ్చింది. వాటి కొమ్మల్లో కొంగలు ఒక్కొక్కటే వెలిగి ఆరిపోతుంటే, అంత అందమైనది నేను అంతవరకు చూడలేదు.

వెనక సీటులోంచి సన్నగా ఏదో వినపడింది. సామి కళ్ళు మూసుకుని పాశురాలు చదువుతున్నాడు. ఇంకోపక్క అమ్మ కేకు పెట్టె కౌగిలించుకుని ప్రార్థన చేస్తోంది. ఇద్దరూ నా తోలుడు గురించే దేవుడికి చెప్పుకుంటున్నారని అర్థమయ్యాక నాకు నవ్వు వచ్చి, గేరు మార్చబోతే కారు ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేసేటప్పటికి ఇద్దరి గొంతులూ కొంచెం పెరిగాయి.

శిరివెళ్ళ దగ్గర ఎదురుగా వరిగడ్డి బండి ఒకటి మంచులోంచి ఇల్లు నడిచొచ్చినట్టు వచ్చింది. నేను పక్కకు తీసి ఆగాను. బండాయన ఎద్దులను ఆపి, మా పసుపు వెలుగు ఎక్కడికి పోతోందో తలెత్తి చూశాడు. తర్వాత కిందికి వంగి నన్ను చూశాడు.

"ఏందమ్మా, ఆకాశంలో ఏమన్నా పోగొట్టుకున్న్యారా? ఎతుకుతాండారు?"

నాయన కిటికీలోంచి తల బయట పెట్టి, బండాయన ఎటున్నాడో తెలియక ఎద్దుతో, లేదప్పా, పెండ్లికి పోతాండాం అని చెప్పాడు. బండాయన ఎద్దును చూసి, మమ్మల్ని చూసి, మంచిదప్పా, పాప బాగా తోల్తాంది అన్నాడు. రోడ్డు మీద నాకు దొరికిన మొదటి మెప్పు అది. అక్కడినుంచి నా క్లచ్చి ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆళ్ళగడ్డ చేరేసరికి మంచు విడిచి, ఎండ పలచగా దిగుతోంది. సామిని బస్టాండులో దించాం. ఆయన దిగి, కారుకు చుట్టూ తిరిగి నా కిటికీ దగ్గరికొచ్చి, బుట్టలోంచి ఒక తులసిదళం తీసి ఇచ్చి, తిరుగు ప్రయాణంలో కూడా నేనే తోలేటట్టయితే తనకు చెప్పమన్నాడు. వచ్చేదానికా, బస్సు చూసుకునేదానికా అని అమ్మ అడిగింది. ఆమె నోట హాస్యం విని నాయన వెనక్కి తిరిగి చూశాడు.

మేనత్త ఇంటిముందు పందిట్లో జనం. నేను డ్రైవరు సీటులోంచి దిగడం చూసి అత్త చేతిలోని పళ్ళెం అరుగు మీద పెట్టేసింది. ఆడపిల్లకు బండిచ్చి మంచులో తోలించుకొస్తావా అని తమ్ముణ్ణి అందరిముందు దులిపింది. నాయన, తనను తిడుతున్నది ఎవరో సరిగా కనపడక, బాగుండావా పెద్దమ్మా అని పలకరించాడు. అత్తకు కోపం నిలవలేదు.

పెళ్ళికూతురిని చర్చికి తీసుకుపోవడానికి వాళ్ళు మాట్లాడుకున్న జీపు ఉండనే ఉంది. వదిన అలంకారమంతా అయ్యాక, తెల్లచీరలో, మేము తెచ్చిన ముసుగు కప్పుకుని బయటికొచ్చి, జీపువైపు చూసి, నావైపు చూసి, నేను దీంట్లో పోతా అంది. ఎవరెంత చెప్పినా వినలేదు. అత్త చివరికి, పోనీలే, మెల్లగా తోలు అంది. నాయనను మళ్ళీ నా పక్కన కూర్చోబెట్టారు. చర్చి రెండు వీధుల అవతలే. వెనక పిల్లలు కేకలేస్తూ పరుగెత్తుతున్నారు. చర్చి గేటు దగ్గర పెళ్ళికొడుకు కోటు వేసుకుని, వాళ్ళ వాళ్ళ మధ్య నిటారుగా నిలబడి ఉన్నాడు.

నేను ఆపబోతుంటే వెనకనుంచి వదిన నా భుజం మీద చెయ్యి వేసింది. భుజం గట్టిగా పట్టుకుంది.

"ఆపొద్దు. ఇంకో సుట్టు తిప్పే."

నేను అద్దంలో ఆమె మొహం చూశాను. ముసుగులోంచి కళ్ళు పెద్దవిగా ఉన్నాయి. భయమో, నవ్వో, రెండూనో. బ్రేకు మీదనుంచి కాలు తీశాను. పెళ్ళికొడుకు, పాస్టరుగారు, బంధువులు, పూలు పట్టుకుని నిలబడ్డ చిన్నపిల్లలు, అందరూ మా కారు తమ ముందునుంచి నింపాదిగా సాగిపోవడం చూశారు. నాయనకు ఏమీ కనపడలేదు. చర్చి ఇంకా రాలేదా అని అడిగాడు. వస్తాంది నాయనా అన్నాను.

ఊరి చివర, కంకరరోడ్డు మొదలయ్యేదాకా పోయాం. వదిన కిటికీ అద్దం దించింది. ముసుగు గాలికి లేచి కారంతా నిండింది, నాయన మొహానికి చుట్టుకుంది, ఆయన ఏంది పాపా మళ్ళీ మంచొచ్చిందా అన్నాడు. వదిన నవ్వడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు మంచం మీద దుప్పటి కింద నవ్వినట్టు, ఎందుకో తెలియకుండా, ఆపుకోలేకుండా. నేను కారు తిప్పడానికి ముందుకూ వెనక్కూ పోతుంటే ప్రతి కుదుపుకూ ఇంకా ఎక్కువ నవ్వింది. తిరిగి చర్చి గేటు చేరేటప్పటికి ఆమె ముసుగు సర్దుకుని కూర్చుంది.

పెళ్ళికొడుకు అందరినీ దాటుకుని తానే వచ్చాడు. మా తలుపు ఒకసారి లాగితే రాలేదు, రెండోసారి లాగాడు. యాడికి పోయింటిరి అని మెల్లగా అడిగాడు.

"ఊరికే," అంది వదిన, చెయ్యి అందిస్తూ. "బండి బాగుందని."